నానా అస్మావు రచనలు

నానా అస్మావు (1793–1864) పశ్చిమ ఆఫ్రికాలోని సొకోటో ఖిలాఫత్‌కు చెందిన పండితురాలు, కవయిత్రి, గురువు. నేటి ఉత్తర నైజీరియా ప్రాంతంలో 19వ శతాబ్దం తొలి దశకంలో ఆ రాజ్యానికి పునాది వేసిన ఉస్మాన్ దాన్ ఫోదియో ఆమె తండ్రి. తండ్రి తర్వాత గద్దెనెక్కిన ముహమ్మద్ బెల్లో ఆమెకు సవతి తల్లి కొడుకు, వయసులో పెద్దవాడు. బెల్లోకు వజీరుగా పనిచేసిన గిదాదో ఆమె భర్త. అరబ్బీ, ఫుల్ఫుల్దే, హౌసా భాషల్లో నాలుగు దశాబ్దాలకు పైగా రాసింది. అరవై దాకా రచనలు దొరికాయి. వాటిలో చాలా భాగం పద్యం, కొద్దిగా వచనం.

ఏలికల ఇంటి ఆడబిడ్డ కావడం వల్ల ఆమెకు చదువూ, తీరికా, కాగితమూ అందాయి. రచనలకు రూపం ఇచ్చింది మాత్రం ఆమె చేసిన బోధన. దాదాపు ప్రతి పద్యం వెనకా దాన్ని విని కంఠస్థం చేయవలసిన మనుషులున్నారు. వాళ్లలో ఎక్కువమంది చదవను, రాయను రాని ఆడవాళ్లు. ఏ పద్యం ఏ భాషలో ఉండాలి, ఎంత పొడవుండాలి, ఏ ప్రాసలో నడవాలి అన్నవన్నీ అది ఎవరి నోట నిలవాలన్న దాన్ని బట్టి తేలాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, పైపైన చూసినప్పుడు పేర్ల జాబితాల్లాగా, నీతిబోధల్లాగా కనిపించే పద్యాల్లో ఎంత నేర్పుందో తెలుస్తుంది.

ఇల్లు, కాలం

అస్మావు గోబిర్ రాజ్యంలోని డెగెల్ అనే ఊళ్లో కవలల్లో ఒకతెగా పుట్టింది. కవల సోదరుడు హసన్. కవలలకు అక్కడి వాడుక ప్రకారం పెట్టే జంటపేరు ఆమెకు పెట్టలేదు. తొలి ఖలీఫా అబూ బక్ర్ కూతురు అస్మా పేరు పెట్టారు. ఆ కుటుంబం ఫులానీల్లో తరతరాలుగా పాండిత్యమే వృత్తిగా బతికిన తొరొద్బే వర్గానికి చెందింది. అక్కడివాళ్లు గౌరవంగా షేహు అని పిలిచే ఉస్మాన్ దాన్ ఫోదియోకు మొదటి పాఠాలు చెప్పింది ఆయన తల్లి హవ్వా, అమ్మమ్మ రుకయ్యా. అస్మావు అక్క ఖదీజా మాలికీ ధర్మశాస్త్రంలో ప్రామాణిక గ్రంథమైన ఖలీల్ 'ముఖ్తసర్'ను ఫుల్ఫుల్దేలోకి తెచ్చిన పండితురాలు. చెల్లెలు మర్యమ్ కూడా చదువుకున్నదే, తర్వాతి కాలంలో పేరు తెచ్చుకున్నదే. ఆడవాళ్లు చదవడం, చెప్పడం ఆ ఇంటికి కొత్త కాదు. ఆ ఇంటి బయట ఊళ్లలో పరిస్థితి వేరు. భార్యలను, కూతుళ్లను చదువుకు దూరంగా ఉంచే పండితులను షేహు తన రచనల్లో ఘాటుగా తప్పుపట్టాడు. ఆడవాళ్లకు ధర్మం నేర్పడం మగవాళ్ల బాధ్యత అని ఆయన వాదం. కూతురు ఆ వాదాన్ని ఒక పనిగా చేసి చూపించింది.

1804 ఫిబ్రవరిలో గోబిర్ పాలకుడు యున్ఫాతో వైరం ముదిరి షేహు సమాజమంతా డెగెల్ విడిచి గూడుకు వలస వెళ్లింది. అప్పటికి అస్మావుకు పదేళ్లు నిండాయి. ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా యుద్ధం, ఆకలి, ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి ప్రయాణం. 1804 జూన్‌లో తాబ్కిన్ క్వాటో దగ్గర గెలుపు. అదే ఏడు చివర త్సున్‌త్సువా దగ్గర ఓటమి. అక్కడ చనిపోయినవాళ్లలో ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. 1808 అక్టోబర్‌లో గోబిర్ రాజధాని అల్కలావా పడిపోవడంతో కొత్త రాజ్యం నిలదొక్కుకుంది. ఈ గందరగోళం నడుమనే, 1807 ప్రాంతంలో, గిదాదోతో ఆమె పెళ్లి జరిగింది. 1824లో స్కాట్లండ్ యాత్రికుడు హ్యూ క్లాపర్టన్ సొకోటో వచ్చినప్పుడు బస ఇచ్చింది ఈ గిదాదో ఇంట్లోనే.

షేహు 1817లో చనిపోయాడు. ఆయన కాగితాలను పోగుచేసి, వరుసపెట్టి, భద్రపరచే పనిలో అస్మావు, గిదాదో కలిసి చాలా కాలం గడిపారు. పండితురాలిగా ఆమెకు అసలైన తర్ఫీదు అక్కడే దొరికిందని చెప్పవచ్చు. తొలినాళ్ల రచనల్లో ఒకటైన 'తన్బీహ్ అల్ గాఫిలీన్' (1820) అరబ్బీ వచనం. మనిషిని చెడగొట్టే గుణాలేవి, గట్టెక్కించే గుణాలేవి అన్న తండ్రి బోధను కుదించి చెప్పిన గ్రంథం అది. గర్వం, అసూయ, పేరాశ ఒక పక్క, పశ్చాత్తాపం, ఓర్పు, దేవుడిపై భరోసా ఇంకో పక్క. ఇదే విషయం తర్వాత ఆమె పద్యాల్లో ఎన్నోసార్లు తిరిగి వస్తుంది.

మూడు భాషలు

అరబ్బీ పండితుల భాష. మొరాకో నుంచి మక్కా దాకా చదువుకున్న ముస్లింలెవరికైనా అర్థమవుతుంది. ఫుల్ఫుల్దే ఆమె మాతృభాష, కొత్తగా అధికారంలోకి వచ్చిన ఫులానీల ఇంటి భాష. హౌసా రాజ్యంలోని మామూలు జనం భాష, రైతులది, నేతపనివాళ్లది, బజారుది. తువారెగ్‌లు మాట్లాడే తమాషెక్ కూడా ఆమెకు వచ్చు. ఫుల్ఫుల్దే, హౌసా పద్యాలను అరబ్బీ అక్షరాల్లోనే రాసింది. ఆఫ్రికా భాషలను అరబ్బీ లిపిలో రాసే ఈ పద్ధతిని అజమీ అంటారు.

ఎవరి కోసం రాస్తోందో ఆ భాష ఎంచుకుంది. ముఖ్యమైన విషయమైతే ఒకే రచనను ఒక భాషలోంచి మరో భాషలోకి తానే మార్చింది. 'ఖురాన్' అనే పద్యం దీనికి మంచి ఉదాహరణ. 1829లో ఫుల్ఫుల్దేలో, 1838లో హౌసాలో, 1850లో అరబ్బీలో రాసింది. ఒకే పని మీదికి ఇరవై ఏళ్లలో మూడుసార్లు తిరిగి రావడాన్ని బట్టి అది ఆమెకు ఎంత అవసరమైనదో ఊహించవచ్చు.

ఆ పద్యంలో ఉన్నదల్లా ఖురాన్‌లోని 114 సూరాల (అధ్యాయాల) పేర్లు, వాటి వెంట చిన్న ప్రార్థన. కాగితం మీద చూస్తే పొడిగా ఉంటుంది. చదువు రాని ఒక పల్లెటూరి ఆడమనిషికి అది దొరికితే ఏమవుతుందో ఆలోచించాలి. ప్రాస పట్టుకుని నాలుగు రోజులు పాడుకుంటే ఖురాన్ మొత్తానికి విషయసూచిక ఆమె నోట్లో ఉంటుంది. దంపుతున్నా, వడుకుతున్నా, పిల్లాణ్ని జోకొడుతున్నా వల్లె వేసుకోవచ్చు. ఆ పైన పాఠం చెప్పేవాళ్లు ఒక్కో పేరునూ విప్పుతారు. 'ఆవు' అన్న పేరుగల సూరాలో ఏముంది, 'తేనెటీగ' అన్నదాంట్లో ఏముంది, 'సాలెపురుగు' అన్నదాంట్లో ఏముంది అని. పేర్ల దండగా కనిపించిన పద్యం అలా ఏళ్ల తరబడి సాగే పాఠ్యక్రమం అవుతుంది. చిన్నతనంలో ఎక్కాలు, శతక పద్యాలు బట్టీ పట్టి, వాటి అర్థం తర్వాతెప్పుడో తెలుసుకున్నవాళ్లకు ఈ పద్ధతి బలం వేరే చెప్పనక్కర్లేదు.

ఛందస్సులో ఆమె అరబ్బీ సంప్రదాయాన్నే పాటించింది. ఒకే అంత్యప్రాసతో పద్యమంతా నడపడం మామూలు. ఇంకొకరి ద్విపదకు ముందు తన మూడు పాదాలు చేర్చి ఐదు పాదాల చరణంగా పెంచే 'తఖ్మీస్' ఆమెకు బాగా ఇష్టమైన ప్రక్రియ. తండ్రి ఫుల్ఫుల్దేలో రాసిన ఒక పద్యాన్ని 1831లో 'తబ్బత్ హకీకా' పేరుతో హౌసాలో ఇలాగే పెంచింది. దేవుడి తీర్పు తప్పదని, ప్రజలను పీడించే పాలకుడు ఆ తీర్పు నుంచి తప్పించుకోలేడని హెచ్చరించే రచన అది. అన్న రాజ్యమేలుతుండగా, భర్త వజీరుగా ఉండగా జనం భాషలో ఆ హెచ్చరికను ఊరూరా పాడించడం చిన్న విషయం కాదు. 1822లో రాసిన మరో పద్యంలో చరణాల మొదటి అక్షరాలను వరుసగా కూర్చితే, కష్టం వెంట తేలిక ఉంటుందని చెప్పే ఖురాన్ 94వ సూరాలోని వాక్యం వస్తుంది. పద్యం రాసిన ఏడును కూడా ఆమె తరచు అక్షరాల్లోనే దాచేది. మన శాసనాల్లో, గ్రంథాల్లో కటపయాది పద్ధతిలో అక్షరాలకు అంకెల విలువ ఇచ్చి శకసంవత్సరం చెప్పినట్టే, అరబ్బీ అక్షరాలకుండే విలువలను కూడితే హిజ్రీ సంవత్సరం తేలుతుంది. ఆమె రచనల కాలక్రమం ఇంత స్పష్టంగా తెలియడానికి ఈ అలవాటు ఒక కారణం.

యాన్ తారు

1837లో బెల్లో మరణించాక కొద్దికాలానికి అస్మావు ఆడవాళ్ల బోధనా బృందాలను ఒక కట్టుబాటులోకి తెచ్చింది. వాళ్లకు 'యాన్ తారు' అని పేరు, ఒకచోట కూడినవాళ్లు అని అర్థం. ఒక్కో ఊరి బృందానికి 'జాజీ' అనే నాయకురాలు. ఆమెకు అస్మావు స్వయంగా గడ్డితో అల్లిన 'మల్ఫా' అనే పెద్ద టోపీ, దాని చుట్టూ చుట్టుకోవడానికి ఎర్రని గుడ్డ ఇచ్చేది. అంతకుముందు గోబిర్‌లో బోరీ అనే ఆత్మల ఆరాధనకు పెద్దగా ఉండే 'ఇన్నా' అనే స్త్రీ ధరించే అధికార చిహ్నాల్లో మల్ఫా ఒకటి. జనం అప్పటికే గౌరవించే గుర్తును తీసుకుని కొత్త చదువుకు గుర్తుగా మార్చింది అస్మావు. ఎంతో తెలివైన ఎత్తుగడ ఇది. పాత పూజను తిట్టడం కంటే ఇదే ఎక్కువ పనిచేసి ఉంటుంది.

పిల్లల్ని కని పెంచే వయసులో ఉన్న ఆడవాళ్లు ఇల్లు కదల్లేరు. అందుకని నడివయసు దాటినవాళ్లు, పెళ్లికాని చిన్నపిల్లలు బృందాలుగా సొకోటో వచ్చేవాళ్లు. వచ్చేటప్పుడు ధాన్యం, వెన్న, తేనె, బట్టల వంటివి తెచ్చేవాళ్లు. అస్మావు వాటిని పేదలకు పంచేది. తిరిగి వెళ్లేటప్పుడు వాళ్లతో మందులూ, కొత్త పద్యాలూ వెళ్లేవి. జాజీ ఊరికి చేరి, ఇల్లు కదలని ఆడవాళ్లకు ఆ పద్యం నేర్పేది. ప్రార్థనకు ముందు శుభ్రం చేసుకునే పద్ధతి, జకాత్ అనే విధి దానం లెక్క, పెళ్లిలో హక్కులు, చావు తర్వాత తీర్పు అన్నీ పద్యాల్లోనే. 'గొడాబెన్ గస్కియా' (1842) అనే హౌసా పద్యం సత్యమార్గం పేరుతో ఇటువంటి బోధనే చేస్తుంది. ఖురాన్‌లోని సూరాలకు ఉన్న స్వస్థత గుణాల గురించి అరబ్బీ వచనంలో 'తబ్‌షీర్ అల్ ఇఖ్వాన్' (1839) రాసింది. జబ్బులకు, ప్రసవాలకు ఆడవాళ్లు బోరీ పెద్దల దగ్గరికి పరిగెత్తే రోజుల్లో ఆ పుస్తకానికి మతబోధతో సమానమైన ప్రాధాన్యం ఉంది.

ఈ పద్యాలు విన్నవాళ్లలో యుద్ధంలో పట్టుబడి వచ్చిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. సొకోటో రాజ్యంలో బానిసత్వం చాలా విస్తృతంగా ఉండేది. పొలాల్లో, ఇళ్లల్లో పని లక్షలమంది బానిసల శ్రమ మీదే నడిచింది. ఓడిపోయిన రాజ్యాల హౌసా స్త్రీలను కొత్త సమాజంలో కలుపుకోవడం యాన్ తారు లక్ష్యాల్లో ఒకటి. వాళ్లకు చదువు ఇచ్చిన చేతులూ, వాళ్ల ఊళ్లను గెలిచిన చేతులూ ఒకే ఇంటివి. అస్మావు చేసిన మేలును చెప్పేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు.

చరిత్ర పద్యాలు

తండ్రి జీవితాన్ని, జిహాద్‌ను కథగా చెప్పే 'ఫిలిటాగే' (1839) ఫుల్ఫుల్దే పద్యం, హౌసాలో 'వాకర్ గెవాయే'గా ప్రసిద్ధం. ప్రయాణం గురించిన పాట అని చెప్పుకోవచ్చు. డెగెల్‌లో మొదలైన బోధ, కెబ్బి, జంఫారా ప్రాంతాల్లో పర్యటనలు, గోబిర్ పాలకులతో తగవు, గూడుకు వలస, ఒకదాని వెంట ఒకటిగా యుద్ధాలు, చివరికి సొకోటో. ఆమె చెప్పేది ఎక్కువ భాగం కళ్లారా చూసిన కాలం. ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వెళ్లిన హిజ్రత్‌కూ, తండ్రి వలసకూ ఉన్న పోలిక పద్యమంతటా అంతర్లీనంగా నడుస్తుంది. విన్నవాళ్లకు అర్థం కావలసింది కూడా అదే, మన కథ ఆ పాత కథకు కొనసాగింపేనని. ప్రవక్త జీవితాన్ని ఆమె విడిగా 'బెగోరే' అనే సుదీర్ఘమైన హౌసా పద్యంలో చెప్పింది.

1836లో గోబిర్, తువారెగ్ సేనలను బెల్లో గావాకుకే దగ్గర ఓడించాడు. ఆ యుద్ధం మీద 1856లో, ఇరవై ఏళ్ల తర్వాత, పద్యం రాసింది. శత్రువు ఓటమిని, దోపిడి సొమ్మును, బందీలను యుద్ధకవులందరిలాగే గర్వంగా చెప్పుకుంది. స్మృతి గీతాల్లో పొరుగు ఆడమనిషి ఓర్పును మెచ్చుకుంటూ మృదువుగా పలికిన గొంతు ఇక్కడ మరోలా ఉంటుంది. తిరుగుబాటుదారుల మీద దేవుడి ఆగ్రహం కోరుతూ రాసిన పద్యాలూ ఉన్నాయి. రాజ్యం నిలవడమంటే ధర్మం నిలవడమేనని ఆమె మనసారా నమ్మింది. అందుకే శత్రువు పట్ల ఆమె పద్యాల్లో జాలి కనబడదు.

సూఫీ స్త్రీలు

1836–37లలో ఫుల్ఫుల్దేలోను, హౌసాలోను రాసిన సూఫీ స్త్రీల పద్యం అస్మావు ఆలోచనను అన్నిటికన్నా బాగా పట్టిస్తుంది. హౌసా రూపానికి 'తవస్సులీ గా మాతా మాసు అల్బర్కా' అని పేరు. పుణ్యాత్ములైన స్త్రీలను తలచుకుని, వాళ్ల పేరిట దేవుణ్ని వేడుకోవడం ఇందులో విషయం. బస్రాకు చెందిన రాబియా అదవియ్యా వంటి ప్రసిద్ధులు ఉన్నారు. అన్న బెల్లో అరబ్బీలో రాసిన వచన గ్రంథం దీనికి ఆధారం. ఆ గ్రంథానికి మూలం 12వ శతాబ్దంలో బగ్దాద్ పండితుడు ఇబ్న్ అల్ జౌజీ రాసిన 'సిఫత్ అల్ సఫ్వా'.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆమె కత్తెర ఎక్కడ పడిందో కనిపిస్తుంది. ఇబ్న్ అల్ జౌజీ పుస్తకంలో ఏడ్చి ఏడ్చి కళ్లు పోగొట్టుకున్నవాళ్లు, శరీరాన్ని కృశింపజేసుకున్నవాళ్లు, దైవభయంతో స్పృహ తప్పినవాళ్లు తరచుగా వస్తారు. అస్మావు పద్యంలో ఆ అతి దాదాపు లేదు. మిగిలింది దానం, దయ, జ్ఞానం, ప్రార్థనలో నిలకడ. పిల్లలతో, వంటతో, పొలంతో సతమతమయ్యే స్త్రీ అందుకోగలిగినవి అవే. ఆమె చేసిన ఇంకో పని మరింత ధైర్యమైనది. ప్రవక్త భార్యల పేర్ల నుంచి మొదలైన వరుసలో తన తండ్రి సమాజంలోని స్త్రీలను కూడా కూర్చోబెట్టింది. అరేబియా, బస్రా, బగ్దాద్ స్త్రీల పక్కన డెగెల్, సొకోటో స్త్రీలు. పద్యం పాడే అమ్మాయికి పుణ్యస్త్రీ అంటే ఎక్కడో ఏడు సముద్రాల అవతల ఎప్పుడో బతికిన మనిషి కాదు, తన నాయనమ్మకు తెలిసిన మనిషి.

స్మృతి గీతాలు

నా అంచనాలో అస్మావు కవిత్వం అన్నిటికన్నా బాగా పండింది చనిపోయినవాళ్ల మీద రాసిన పద్యాల్లో. అన్న బెల్లో మీద, గిదాదో మీద, పండితుల మీద రాసినవి ఉన్నాయి. బెల్లో మరణం తర్వాత ఆయన గుణగణాలను చెబుతూ రాసిన 'గిక్కు బెల్లో' (1838) పాలకుడు ఎలా ఉండాలో చెప్పే ఆదర్శచిత్రం కూడా. మృతుడిని పొగడడంలోనే వారసులకు పాఠం ఉంది.

బెల్లో భార్య ఆయిషా అస్మావుకు చిన్ననాటి నుంచి ప్రాణస్నేహితురాలు. 1855లో ఆమె పోయినప్పుడు అరబ్బీలో రాసిన పద్యాల్లో వ్యక్తిగతమైన దుఃఖం ఇంకెక్కడా లేనంత సూటిగా వస్తుంది. ప్రాచీన అరబ్బీ శోకకవిత్వంలో వాడుకలో ఉన్న పదాలు, పద్ధతులే అవి, కాని ఏళ్లు గడిచి తోడు లేకుండా మిగిలిన ముసలిదాని బాధ వాటిలో నిండింది. తెచ్చిపెట్టుకున్న ఛందస్సు నిజమైన ఏడుపును మోయగలదా అన్న సందేహం ఉన్నవాళ్లు ఈ పద్యాలు చదవాలి.

మామూలు స్త్రీల మీద రాసినవి ఇంకా అరుదైనవి. హలీమా అనే ఆమె పేరు చరిత్రలో మరెక్కడా లేదు. ఆమె సహనవంతురాలు, అనాథలను సాకింది, చుట్టుపక్కలవాళ్ల తగవులు తీర్చింది. పద్యంలో ఉన్నవి ఈ సంగతులే. జహ్రా మీద రాసిన పద్యంలో ప్రసవాలకు సాయపడడం, శవాలకు స్నానం చేయించి సాగనంపడం వంటి పనులకు కవితాగౌరవం దక్కింది. ఊరు ఊరుగా బతకడానికి ఇలాంటివాళ్లే కావాలని, వీళ్ల పనిని తలచుకోవడం కూడా ఆరాధనలో భాగమేనని అస్మావు ఉద్దేశం. 1858లో రాసిన హవ్వా స్మృతిగీతం ఒక జాజీ మీద రాసింది. ఎన్నో ఏళ్లు ఆడవాళ్లను వెంటబెట్టుకుని అస్మావు దగ్గరికి నడిపించిన మనిషి ఆమె. యాన్ తారు ఎలా పనిచేసిందో తెలియడానికి ఆ పద్యం చరిత్రకారులకు ముఖ్యమైన ఆధారం.

ఇదంతా ఆమెను ఆడవాళ్ల లోకానికే పరిమితం చేసినట్టు అనిపించకూడదు. మక్కా యాత్రకు బయల్దేరి సొకోటో మీదుగా వెళ్లిన మౌరిటానియా పండితుడికి స్వాగతం చెబుతూ అరబ్బీలో రాసిన పద్యం ఉంది. సహారా ఎడారి దారుల వెంట ఆమె పేరు పండితుల మధ్య చలామణిలో ఉండేదనడానికి అది సాక్ష్యం.

దొరికిన తీరు

1864లో ఆమె మరణించాక తండ్రి సమాధి ఉన్న ఆవరణలోనే ఖననం చేశారు. బోధనను చెల్లెలు మర్యమ్ కొనసాగించింది. 1903లో బ్రిటిష్ సైన్యం సొకోటోను గెలుచుకుంది. కొత్త పాలకుల బళ్లలో లాటిన్ లిపి, ఇంగ్లీషు వచ్చాయి. అజమీలో ఉన్న రచనలు వాళ్ల దృష్టిలో చదువు కింద లెక్కకు రాలేదు. అయినా పద్యాలు పోలేదు, ఎందుకంటే అవి కాగితాల మీద మాత్రమే లేవు. రాతప్రతులు వజీరుల ఇంట్లో భద్రంగా ఉన్నాయి. గిదాదో వంశంలోని వజీరు జునైదు (1906–1997) స్వయంగా పెద్ద చరిత్రకారుడు. ఆయన అండతో ఆ ప్రతులు పరిశోధకులకు అందాయి. ఉత్తర నైజీరియాలో విద్యాశాఖ పనిమీద ఏళ్ల తరబడి ఉన్న జీన్ బాయిడ్ వాటి మీద పనిచేసి 1989లో అస్మావు జీవిత చరిత్ర 'ది కాలిఫ్స్ సిస్టర్' ప్రచురించింది. హౌసా సాహిత్య పరిశోధకురాలు బెవర్లీ మ్యాక్‌తో కలిసి దొరికిన రచనలన్నిటినీ ఇంగ్లీషు అనువాదాలతో, మూలప్రతుల నకళ్లతో ఒకే సంపుటంగా 1997లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా తెచ్చింది. 2000లో ఇద్దరూ రాసిన 'వన్ ఉమన్స్ జిహాద్' కొత్త పాఠకులకు మంచి ప్రవేశిక.

నైజీరియాలో ముస్లిం స్త్రీల విద్య గురించి వాదన వచ్చినప్పుడల్లా అస్మావు పేరు వినిపిస్తుంది. ఆడపిల్లల చదువు పాశ్చాత్యులు తెచ్చిన అలవాటు అనేవాళ్లకు ఆమె జీవితమే జవాబు. 1985లో ఏర్పడిన నైజీరియా ముస్లిం మహిళా సంఘాల సమాఖ్య ఆమెను ఆదర్శంగా చెప్పుకుంటుంది. బళ్లకు, వసతిగృహాలకు ఆమె పేరు పెట్టారు. యాన్ తారు పేరుతో అధ్యయన బృందాలు అమెరికాలోని ఆఫ్రికన్ అమెరికన్ ముస్లిం స్త్రీల మధ్య కూడా మొదలయ్యాయి. వాళ్లు ఆమె పద్యాలను ఇంగ్లీషు అనువాదాల సాయంతో చదువుతున్నారు, సొకోటో ప్రాంతంలో మాత్రం హౌసా పద్యాలు ఇప్పటికీ ఒకరి నుంచి ఒకరికి నోటిమాటగానే అందుతున్నాయి.